క్యాండీలో మా వదిన తప్పిపోయిన పొద్దు

పెడన శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కన ఒక బీరువా నిండా యాత్రల పుస్తకాలుంటాయి. నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది కానీ చదువు మాత్రం ఆ బీరువా దగ్గర ఇప్పటికీ సాగుతూనే ఉంది. కలంకారీ అద్దకం షెడ్డులో పని ముగించి, వేళ్ళకంటిన నల్లరంగు పోయేదాకా రుద్దుకుని, సాయంత్రం అక్కడ కూర్చుంటాను. శ్రీలంక మీద అక్కడున్న పుస్తకాలన్నీ అలా పూర్తి చేశాను. అందుకే గుడివాడ ట్రావెల్స్ ఆయన శ్రీలంక టూరు వేస్తున్నాడని తెలియగానే, వెళ్దామని మా ఆయన వెంటపడ్డాను.

"మా లైబ్రరీ మేడమ్ గారు వెంటుంటే గైడు ఖర్చు మిగిలినట్టే," అని ఆయన ఒప్పుకున్నాడు.

వదినను కూడా తీసుకెళ్దామన్నది నేనే. వదినంటే మా ఆయన అక్క. దివిసీమలో, అవనిగడ్డకి దగ్గర ఒక లంకపల్లెలో ఉంటుంది. వాళ్ళాయన పోయిన దగ్గర్నుంచి ఆవిడకొక అలవాటైంది. ఇంట్లో ఎవరైనా చెప్పులు వేసుకుని బందరు బయల్దేరుతున్నారంటే చాలు, గబగబా పెరట్లోకి వెళ్ళిపోయేది. తను ఎదురొస్తే వాళ్ళకి మంచిది కాదని భయం. అలా చెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. చెయ్యొద్దని కూడా ఎవరూ అనలేదు.

"నలుగురూ సరదాగా వెళ్ళేచోటికి నేనెందుకే?" అంది.

"మీదీ లంకేగా వదినా. ఈ లంకలోంచి ఆ లంకలోకి, అంతే."

నవ్వింది. నవ్వితే ఒప్పుకున్నట్టేనని మా ఆయన పాస్‌పోర్టుకి ఫొటో తీయించేశాడు. ఆ ప్రయాణంలో నేను చూడాలనుకున్నవి చాలా ఉన్నాయి. వాటన్నిటికంటే ఎక్కువగా, వదిన ఒక్క పూటైనా అందరి మధ్యా నడవడం చూడాలనుకున్నాను.

కొలంబోలో మొదటి సాయంత్రం బాగానే గడిచింది. సముద్రం ఒడ్డున పొడవాటి పచ్చిక మైదానం, దాని మీద గాలిపటాలు, రొయ్యలు గుచ్చిన వడలమ్మే బళ్ళు. వదిన ఆ నీళ్ళకేసి చాలాసేపు చూసి, "మన హంసలదీవి దగ్గరకంటే శుభ్రంగా ఉందే," అంది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడిచింది.

మర్నాడు పొద్దున్న లిఫ్టు దగ్గర జరిగింది ఆ సంగతి. మాతో వచ్చినవాళ్ళలో గుడివాడ రైసుమిల్లు ఆయన భార్య ఒకావిడ ఉంది. పెద్దావిడ, అందరం పిన్నిగారనేవాళ్ళం. చెడ్డ మనిషేమీ కాదు. తను తెచ్చుకున్న కారప్పూస రెండు వ్యాన్లలోనూ పంచిపెట్టింది. పిన్నిగారు బయల్దేరడానికి గదిలోంచి వచ్చేసరికి లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల వదిన ఒక్కతే నిలబడి ఉంది. పిన్నిగారు ఆగిపోయింది.

"అయ్యో, బీపీ మాత్రలు మర్చిపోయా," అని వెనక్కి గదిలోకి వెళ్ళింది. మంచం మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరింది. మాత్రలు చేతిసంచీలోనే ఉన్నాయని లిఫ్టు దగ్గర నిలబడ్డ మాకు తెలుసు. వదినకూ తెలుసు.

ఇక అప్పటినుంచి వదిన అందరికంటే ముందే తయారై, అందరికంటే చివర వచ్చేది. హోటలు స్తంభం చాటున నిలబడి, అందరూ ఎక్కి ఇంజను మోగాక, ఏ వ్యాను తలుపు దగ్గరుంటే దాన్లో ఎక్కి వెనక సీట్లో సామాన్ల పక్కన సర్దుకునేది. సిగిరియా దగ్గర నేను ఆ ఎర్రటి కొండను చూపించి, దాని మీద పూర్వం ఒక రాజు కోట ఎలా కట్టించుకున్నాడో చెబుతుంటే, ఆవిడ నలుగురి భుజాల వెనక నుంచి వింది. ముందుకు రమ్మంటే, "నాకు వినపడుతుందిలే, నువ్వు చెప్పు," అంది.

క్యాండీ చేరిన మర్నాడు పౌర్ణమి. అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవేనని నేను ముందే చెప్పాను. మా హోటలు చెరువు గట్టున ఉంది. గట్టు చివర బుద్ధుడి దంతం ఉన్న ఆలయం. పొద్దున్నే గుడికొచ్చేవాళ్ళ తెల్లచీరలు, తెల్లచొక్కాలు గట్టంతా నిండిపోయాయి. గుడిలో జనం తగ్గాక సాయంత్రం వెళ్దామనీ, ముందు పెరాదెనియ తోట చూద్దామనీ అనుకుని బయల్దేరాం.

తోట గేటు దగ్గర, రెండో వ్యాన్లోంచి దిగిన మా ఆయన అడిగాడు, "అక్కేదీ?"

"మీ వ్యాన్లో ఎక్కలేదా?"

"మీ దాన్లో ఉందనుకున్నాను!"

పౌర్ణమి రద్దీకి హోటలు ముందు బళ్ళు ఆపనివ్వడం లేదు. మా వ్యాన్లు రెండూ గట్టుకు అటొకటీ ఇటొకటీ నిలబడ్డాయి. ఆ వ్యాను వాళ్ళు ఈ వ్యాన్లో ఉందనుకున్నారు, ఈ వ్యాను వాళ్ళు ఆ వ్యాన్లో ఉందనుకున్నారు. స్తంభం చాటున ఉన్న మనిషి అక్కడే ఉండిపోయింది. ఆవిడ ఫోను ఆ దేశంలో పనిచెయ్యదు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు.

తోటలో ఎత్తైన తాటిజాతి చెట్ల బాట గురించి నేను ఎంతో చదివాను. ఆ బాట మొదలు మాత్రమే చూసి వెనక్కి తిరిగాం.  దారంతా పిన్నిగారు, "నాదే తప్పు, ఎక్కిందో లేదో చూడాల్సింది," అని రెండుమూడుసార్లు తనలో తను అనుకుంది.

హోటల్లో వదిన లేదు. రిసెప్షను బల్ల దగ్గరున్న అమ్మాయి గుడివైపు చెయ్యి చూపించింది. గట్టు వెంట పరిగెత్తినంత పని చేశాం. గుడి మెట్ల దగ్గర, బయటికొస్తున్న తెల్లబట్టల గుంపులో, మా షెడ్డులో అద్దిన మీగడరంగు చీరలో వదిన కనపడింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ నడుస్తోంది.

"ఎక్కడికెళ్ళావక్కా, గుండె ఆగిపోయింది మాకు!" అన్నాడు మా ఆయన.

"నేనెక్కడికీ వెళ్ళలేదురా. మీరే వెళ్ళిపోయారు." వదిన గొంతులో కోపం లేదు. "హోటలు మెట్ల మీద కూర్చుంటే ఈవిడొచ్చి ఏదో అడిగింది. నాకర్థం కాలేదు. చేతిలో కలువపూలు పెట్టి లాక్కెళ్ళింది. లోపల పూలు పెట్టే బల్ల ఉంది. నేను వెనక్కి జరుగుతుంటే వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టింది. నా చేత్తోనే పెట్టించింది."

ముసలావిడ మమ్మల్ని చూసి తన వాళ్ళను చూసినట్టే నవ్వి, గుంపులో కలిసిపోయింది.

హోటలుకు నడుస్తుంటే వదిన నా పక్కకి వచ్చి మెల్లిగా అడిగింది. "ఆవిడకి మొగుడున్నాడంటావా?"

"ఏమో వదినా."

"నాకూ తెలియలా. అందరూ తెల్లచీరలేగా. అక్కడున్నంతసేపూ అదే చూశా. ఎవరికున్నాడో, ఎవరికి లేడో ఒక్కరిని చూసి చెప్పలేకపోయా."

శ్రీలంక మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ సంగతి లేదు. 

మర్నాడు కొండల మీది నువర ఎలియాకి ప్రయాణం. కొండల్లోంచి దిగిన మంచు చెరువు మీద పరుచుకుని, అవతలి గట్టు కనపడలేదు. నేను కిందికి వచ్చేసరికి స్తంభం చాటున ఎవరూ లేరు. వదిన వ్యాను తలుపు పక్కనే, పైట భుజం నిండా కప్పుకుని, దారి మీదే నిలబడి ఉంది. నేను, మా ఆయన ఎక్కాం. మమ్మల్ని చూసి కూడా పక్కకు తప్పుకోలేదు.

పిన్నిగారు హోటలు గుమ్మంలోకి వచ్చింది. ఎదురుగా వదిన. పిన్నిగారు గుమ్మంలోనే నిలబడిపోయింది.  వదిన మొహం ఎర్రబడటం వ్యాను కిటికీ అద్దంలోంచి కనిపించింది కానీ కాళ్ళు కదల్లేదు.

"రండి పిన్నిగారూ," అని చెయ్యి చాపింది. "మెట్టు ఎత్తుగా ఉంది. మీకసలే మోకాళ్ళు."

పిన్నిగారు ఒకసారి వెనక గదులకేసి, ఒకసారి మెట్టుకేసి చూసింది. తర్వాత సంచీ ఎడమచేతిలోకి మార్చుకుని, నడిచివచ్చి, వదిన చెయ్యి పట్టుకుని ఎక్కింది.

"ఏంటే అమ్మాయ్, చెయ్యి ఐసుగడ్డలా ఉంది?"

"ఇందాకట్నుంచీ ఇక్కడే నిలబడ్డానుగా."

"బాగానే ఉంది సంబడం. ఎక్కు, ఎక్కు. ఇటు నా పక్కన కూర్చో. ఆ వెనక ఎగిరెగిరి పడతావు."

వదిన కిటికీ పక్కన కూర్చుంది. బండి కొండెక్కుతుంటే మంచు విడిపోయి తేయాకు తోటలు బయటపడ్డాయి. దువ్వినట్టున్న పచ్చటి వరసలు, వాటి మధ్య తెల్లటి దారంలా ఒక జలపాతం. వదిన అద్దం కిందికి దించి, వెనక్కి తిరిగి నన్ను పిలిచింది.

"ఏమే లైబ్రరీ మేడమ్, ఈ నీళ్ళు ఏ నదిలో కలుస్తాయో చెప్పు, పిన్నిగారు అడుగుతున్నారు."