ఊపిరి అక్కర్లేని డ్రైవ్

"బ్యాకప్ లేదా?" అని ఇంకొక్కరు అడిగి ఉంటే చేతిలో ఉన్నది వాళ్ళ మొహాన విసిరికొట్టేదాన్ని. ఆ వారం ఆ మాట అడగని మనిషి లేడు. డ్రైవ్ అమ్మిన దుకాణం భాయ్ అడిగాడు, మా పక్కవాటా ఆవిడ అడిగింది, మా ఆయన పనిచేసే కోచింగ్ సెంటర్ వాళ్ళు ఫోన్ చేసి మరీ అడిగారు. ఉంటే నేనెందుకండీ మిట్టమధ్యాహ్నం ఒక హార్డ్ డ్రైవ్‌ని చంటిపిల్లలా టవల్లో చుట్టుకుని అమీర్‌పేట సందులు పట్టుకు తిరుగుతాను?

మొదటినుంచి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా ఆయన అమీర్‌పేటలో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సు చెప్పేవారు. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోయిన రోజుల్లో పంజాగుట్టలో మా ఇంటి వెనకగదిలోనే బోర్డు బిగించి పాఠాలు రికార్డు చేశాం. ఆయన బోర్డు ముందు, నేను కెమెరా వెనక. పాఠం అయిపోగానే ఆయనకి ఒక అలవాటు. చాక్‌పీస్ పెట్టేసి, అదే గొంతుతో, "ఇదిగో, ఆపు. టీ నువ్వు పెడతావా, నన్ను పెట్టమంటావా?" అనేవారు. నేను లేచి కెమెరా దగ్గరికి చేరేలోపు ఇంకో నాలుగు మాటలు పడేవి. కూర మాడిందనో, కరెంటు బిల్లు కట్టావా అనో, నీ వెనక గోడ మీద బల్లి ఉంది కదలకు అనో. ఆ తోకలన్నీ కత్తిరించి, శుభ్రమైన పాఠాన్ని సెంటర్‌కి పంపడం నా పని.

తర్వాత ఆయన గొంతులో జబ్బు వచ్చింది. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు ఆయన మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటారు. మాట లేదు. మెడకి ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు గానీ, అందులోంచి వచ్చేది తన గొంతు కాదని దాన్ని బీరువాలో పెట్టేశారు. చెప్పాలనుకున్నది ఫోన్‌లో టైపు చేసి చూపిస్తారు. నన్ను పిలవాలంటే వేళ్ళతో టేబుల్ మీద టకటకమని కొడతారు. సెంటర్‌కి మాత్రం వెళ్ళడం మానలేదు. అక్కడ పాత రికార్డింగ్ పెట్టి, ఎదురుగా నిలబడి, స్క్రూడ్రైవర్‌తో ప్రాక్టికల్స్ చేయిస్తారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాకు చెప్పింది ఒకటే. "ఈ రంధ్రాన్ని ఎప్పుడూ, దేనితోనూ మూయకండి." స్నానం చేసేటప్పుడు నీళ్ళు పోకుండా చూసుకోవాలి, పల్చటి గుడ్డ తప్ప ఏదీ అడ్డం పెట్టకూడదు. అప్పటినుంచి ఇంట్లో మా ఇద్దరి ధ్యాసా ఆ రంధ్రం మీదే. దుప్పటి కాస్త పైకి జరిగినా నాకు మెలకువ వచ్చేస్తుంది.

మా ఆయన హార్డ్ డిస్క్ పాఠంలో కూడా సరిగ్గా అలాంటి మాటే ఉంది. మామూలు డ్రైవ్ పెట్టె మీద ఒక చిన్న రంధ్రం, దాని పక్కనే దాన్ని మూయవద్దని ఇంగ్లిషులో అచ్చు ఉంటాయి. లోపల డేటా ఉండే గుండ్రటి పళ్ళాలు గిర్రున తిరుగుతుంటే, ఆ డేటా చదివే హెడ్ వాటికి ఆనకుండా, పల్చటి గాలిపొర మీద తేలుతుంది. లోపలి గాలి, బయటి గాలి ఒకే ఒత్తిడిలో ఉండటానికి ఆ రంధ్రం. "డ్రైవ్‌కి ఊపిరాడాలి. మూశారో, దాని పీక నొక్కినట్టే" అని ఆయన ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు. విద్యార్థులు నవ్వేవాళ్ళు.

ఇక డ్రైవ్ సంగతి. కత్తిరించని అసలు రికార్డింగులన్నీ పాత డ్రైవుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకటి కిర్రుమంటోంది, ఒకటి సగం రోజులు పలకదు. అన్నీ ఒకచోట ఉంటాయని భాయ్ దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలో పెద్దది తెచ్చాను. ఓపిగ్గా అన్నీ అందులోకి ఎక్కించాను. ఇంకో కాపీ కూడా పెట్టాలి అనుకుంటూ ఉండగానే మా ఆయన ఖాళీగా పడున్నాయి కదా అని పాత డ్రైవులన్నీ సంచిలో వేసుకుని సెంటర్‌కి పట్టుకెళ్ళారు. ఎందుకు? విద్యార్థులు మూతలు విప్పి లోపలి పళ్ళాలు చూడటానికి! ఆ పిల్లలు వేలిముద్రలు పడేలా తడిమి, పళ్ళాలు ఊడదీసి, అద్దాల్లా పట్టుకుని ఫోటోలు దిగారట. అదండీ నా బ్యాకప్ కథ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓ సాయంత్రం కూరగాయలు తెచ్చి లోపలికి వచ్చేసరికి ఆయన టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు కొత్త డ్రైవ్. చేతిలో నా కుట్టుపని సూది. డ్రైవ్ మీద స్టిక్కర్ ఒక మూల ఒలిచి ఉంది, దాని కింద గుండ్రటి చిన్న రేకు, రేకు మధ్యలో సూది పొడిచిన చోటు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. ఫోన్ తిప్పి చూపించారు: "దీనికి రంధ్రం కనపడలేదని వెతికా. స్టిక్కర్ కింద మూసేసి ఉంది. తెరిచా." ఎవరికో ప్రాణం పోసినంత సంబరం. నిజం చెప్పొద్దూ, నాకూ ఆయన చేసింది మంచిపనే అనిపించింది. రంధ్రం మూసి ఉంటే తెరవాలి. మా ఇంట్లో అంతకంటే పెద్ద నియమం ఇంకోటి లేదు.

తెల్లవారి డ్రైవ్ తగిలిస్తే ఎప్పుడూ లేని హోరు. కంప్యూటర్ తెర మీద ఏదో ఎర్ర హెచ్చరిక. పరుగున భాయ్ దగ్గరికి వెళ్ళాను. అతను డ్రైవ్‌ని వెలుతురులో తిప్పి చూసి, ఆ రేకు దగ్గర ఆగిపోయాడు.

"యా అల్లా! అక్కా, గిదెవలు పొడిచిండ్రు?"

"మా ఆయన. రంధ్రం మూసి ఉంటే తెరిచారు."

"అది తెరిచేది కాదక్కా. లోపల గాలి ఉండదు దీంట్ల, హీలియం గ్యాస్ ఉంటది. బెలూన్లల్ల నింపుతరు సూడు, గదే. కంపెనోళ్ళు గ్యాస్ నింపి మూసేసిన జాగ అది. సార్ దాన్నే పొడిచిండు."

"మరి అమ్మేటప్పుడు చెప్పొద్దా?"

"సూదితోని పొడవద్దని ఎవలకన్న చెప్తరా అక్కా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా మొహం చూసి మెత్తబడ్డాడు. "జర ఫికర్ చెయ్యకు. పంజాగుట్టల డేటా తీసే మేడం ఉన్నది, గిప్పుడే పో. మల్లమల్ల ఆన్ చెయ్యకు. బ్యాకప్ ఉన్నది గద?"

ఆ మాట వినగానే డ్రైవ్ లాక్కుని బయటపడ్డాను.

డేటా రికవరీ ఆఫీసులో ఆ వారం చివర్న గానీ వీలు కాదన్నారు. ఆ రోజు మా ఆయన్ని కూడా రమ్మన్నాను. చేసిన ఘనకార్యం ఆయన కూడా కళ్ళారా చూడాలని నా కసి. అక్కడి ఇంజినీరమ్మాయి మా అమ్మాయి వయసుది, నెమ్మదస్తురాలు. డ్రైవ్ మీద టేపు చూసింది. దారిలో నేనే అంటించాను.

"టేపు వేస్తే లాభం లేదు మేడం. పోయిన గ్యాస్ వెనక్కి రాదు. ఈ డ్రైవే లోపల హీలియం ఎంతుందో చూసుకుంటూ ఉంటుంది. ఆ లెక్క బాగా పడిపోయింది."

"గాలి ఉంటే ఏమవుతుందమ్మా? పాతవి గాలితోనే నడిచాయి కదా" అన్నాను. మా ఆయన కూడా అదే అడగాలనుకున్నట్టు ముందుకి వంగారు.

"వాటిలో పళ్ళాలు తక్కువ మేడం. ఇంత డేటా పట్టాలంటే అదే పెట్టెలో పళ్ళాలు ఎక్కువ పెట్టాలి, పల్చగా చేయాలి, దగ్గరదగ్గరగా పేర్చాలి. అవి వేగంగా తిరిగేటప్పుడు గాలి ఉంటే సుడులు తిరుగుతుంది. పళ్ళాలు అదురుతాయి, హెడ్ దారి తప్పుతుంది, మోటారు మీద బరువు పడి వేడెక్కుతుంది. హీలియం గాలికంటే చాలా తేలిక. ఆ గోల తగ్గిపోతుంది. కానీ అది ఎంత సన్నని సందులోంచైనా జారిపోయే గ్యాస్. అందుకే స్క్రూలు నమ్ముకోకుండా మూతని లేజర్‌తో అతికేస్తారు."

అమీర్‌పేట మెట్రో కింద సాయంత్రం జనాన్ని తోసుకుంటూ నడవడానికీ, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నడవడానికీ ఉన్న తేడా అన్నమాట. నాకు అర్థమైంది. మా ఆయన మొహం మాత్రం పాలిపోయింది. చెయ్యి తెలియకుండానే మెడ కింది గుడ్డ దగ్గరికి పోయింది. పాపం అనిపించింది, అయినా నా కోపం తగ్గలేదు.

"మూత తెరిచి బాగుచేయలేరా?"

"తెరిస్తే మళ్ళీ గ్యాస్ నింపి మూసే ఏర్పాటు ఉండాలి. మా దగ్గర లేదు. బయటికి పంపినా వస్తుందని మాటివ్వలేను. ఇప్పుడింకా తిరుగుతోంది కాబట్టి, ఆగిపోయేలోపు వీలైనన్ని ఫైళ్ళు లాగుదాం. మొత్తం రాకపోవచ్చు. ఏవి ముందు కావాలి?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోన్ ఆ అమ్మాయి ముందు పెట్టారు. "హార్డ్ డిస్క్ పాఠం ముందు. అందులో తప్పుంది. దిద్దాలి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "కొంపలంటుకుంటుంటే మీకు తప్పులు దిద్దాలా? పాఠం సెంటర్ సైటులో ఉంది, వెళ్ళి చూసుకోండి! మీ పాఠాలు ఎవడిక్కావాలి?"

ఆ అమ్మాయి కంగారుపడి మా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "అవును మేడం, క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా. మరి వీటిలో ఇంకేం ఉంది?"

సెంటర్ వాళ్ళూ ఇదే అన్నారు. పక్కవాటా ఆవిడా ఇదే అంది. ఇన్నాళ్ళూ జవాబు చెప్పకుండా దాటేశాను, మా ఆయనకి కూడా. ఆయన ముందు ఆ మాట అంటే ఆయన ఏమైపోతారోనని భయం. ఇక ఓపిక అయిపోయింది.

"పాఠం చివర ఆయన నాతో మాట్లాడతారమ్మా" అన్నాను. "సెంటర్‌కి పంపినవాటిలో అది కత్తిరించేశాను. పాఠం చెప్పే గొంతు అందరికీ ఉంది. నన్ను పిలిచే గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు."

అందరి ముందూ ఏడుపొచ్చేసింది, సిగ్గు కూడా వేయలేదు. మా ఆయన నావైపు చూడలేదు. ఫోన్‌లో రాసింది చెరిపేసి, "ఆవిడ ఏవి అంటే అవే" అని రాసి ఇచ్చారు. ఆ అమ్మాయి తెరవైపు చూసి నసిగింది. హార్డ్ డిస్క్ పాఠం అప్పటికే మొదలుపెట్టేసిందట. మధ్యలో ఆపి హెడ్‌ని ఇంకోచోటికి తిప్పితే డ్రైవ్ తట్టుకుంటుందో లేదో తెలియదంది. నా ఖర్మ అనుకుని కూర్చున్నాను.

ఆ ఫైలు చీమలా పాకి పాకి మొత్తం వచ్చింది. తర్వాత నేను అడిగినవి మొదలయ్యాయి. డ్రైవ్ హోరు కీచుగా మారింది. ఎంత వచ్చిందో చూపించే గీత తెర మీద కదలడం మానేసింది. ఆ అమ్మాయి ఇంకోసారి, మరోసారి ప్రయత్నించింది. టక్ టక్ మని హెడ్ వెనక్కి కొట్టుకుంది తప్ప ఏదీ రాలేదు. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. వచ్చిన ముక్కలు తెరిస్తే బొమ్మా లేదు, మాటా లేదు. పూర్తిగా దక్కింది ఆ ఒక్క పాఠమే.

ఇంటికి తెచ్చి, తలుపు వేసుకుని, చివరిదాకా జరిపి పెట్టాను. తెర మీద మా ఆయన చాక్‌పీస్ కింద పెట్టారు. "ఇదిగో, ఆపు. ఆపావా? ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది కదే! నీకెన్నిసార్లు చెప్పాలి? ఒక్క బటన్ నొక్కడానికి ఇంత సేపా? లే, లే." అంతే. ఇన్నేళ్ళ మాటల్లో నాకు దక్కింది ఈ చీవాట్లు. కోపంతో నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. మళ్ళీ పెట్టుకుని విన్నాను. ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

ఆయన మాత్రం తన పట్టు వదల్లేదు. పాఠం దిద్దాల్సిందే. తనలా ఇంకెవరూ సూది పట్టుకోకూడదట. ఆఖరికి వెనకగదిలో మళ్ళీ కెమెరా పెట్టాం. ఆయన బోర్డు మీద మూత అతికిన డ్రైవ్ బొమ్మ గీసి వేలితో చూపించారు. మాట నాది. ఆయన రాసిచ్చింది కెమెరా వెనకనుంచే చదివాను: "రంధ్రం ఉన్న డ్రైవ్‌కి దాన్ని మూయకండి. మూసి వచ్చిన డ్రైవ్‌ని తెరవకండి. ముందు ఏ రకమో చూసుకోండి." నా గొంతు అచ్చం రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులా ఉంది. ఆయన తల పట్టుకున్నారు. మళ్ళీ చదివించారు.

పాఠం అయిపోయింది. ఆయన చాక్‌పీస్ కింద పెట్టి, ఎర్ర లైటు వైపు చూసి, నేనింకా కుర్చీలోంచి లేవలేదని బల్ల మీద టకటకమని కొట్టారు. నేను కదల్లేదు. మళ్ళీ కొట్టారు, ఈసారి కోపంగా, గట్టిగా.

ఆ చప్పుడేంటండీ, చివర్న కత్తిరించడం మర్చిపోయారా అని సెంటర్ వాళ్ళు ఫోన్ చేశారు. మర్చిపోలేదు, అది పాఠంలో భాగమే, అలాగే ఉంచండి అని చెప్పాను.