లేని క్లచ్చు తొక్కిన కాలు

మా పార్కుకి వచ్చే పిల్లకాయలకి ముందు కనిపించేది జెయింటు వీలు కాదు, మా ఏనుగు బండి. ముందర ట్రాక్టరు, దానికి ఫైబరుతో చేసిన ఏనుగు మొహం, వెనకాల నాలుగు పెట్టెలు. గేటు దగ్గర జనాన్ని ఎక్కించుకుని, నీళ్ళ ఆటలూ హోటలు గదులూ దాటించి సముద్రం ఒడ్డున దించాల. అదీ నా ఉద్యోగం. ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయినాము, మళ్ళీ కలిసుండమని ఎవరూ పంచాయితీ పెట్టలేదు. ఆ తర్వాత అల్లూరు పక్కన రొయ్యల గుంటల మీద ట్రాక్టరు తోలినాను. గుంట గట్టు మీద ట్రైలరుని వెనక్కి తోలగలిగినోడికి వేరే పరీక్ష ఎందుకని పార్కువాళ్ళు నన్ను తీసుకున్నారు.

దారి చెప్పమని నా చేతికి ఒక మైకు కూడా ఇచ్చినారు. నాకు మైకు ఇవ్వడమంటే ఏంటో వాళ్ళకి అప్పటికి తెలీదు. "ఎడమ పక్క కనిపించేది పెద్ద హోటలు. అందులో దిగినోళ్ళకి చెయ్యి ఊపండి. వాళ్ళు తిరిగి ఊపకపోతే ఏసీ చలికి చేతులు బిగుసుకుపోయినాయని అనుకోండి" అనేవాణ్ణి. పెట్టెల్లో నవ్వులు వినిపించేవి. ఆ నవ్వు వింటే నాకు మధ్యాహ్నం ఎండ కూడా ఎండలా ఉండేది కాదు.

ఏనుగుకి వయసైపోయింది. ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి ఒకసారి నడిదారిలో తొండం ఊడిపడింది. ముందు పెట్టెలో ఒక పాప ఏడుపు మొదలుపెట్టింది. "ఏడవబాకమ్మా, జలుబు చేసి తుమ్మింది, అంతే" అని మైకులో చెప్పి, తొండాన్ని ఒళ్ళో పెట్టుకుని మిగతా దారి తోలినాను.

ఆ తొండాన్ని మళ్ళీ బిగించింది మా మేస్త్రీ. నెల్లూరు సాయిబు, పార్కుకి రాకముందు నాయుడుపేట దగ్గర లారీల షెడ్డులో పనిచేసినాడు. భుజం మీద ఎప్పుడూ గళ్ళ తువ్వాలు ఉంటది. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను ఏమంటాడో అది రోజుని బట్టి. "నువ్వు మాట్లాడే మాటలకి ఇంజను కూడా వేడెక్కతా ఉందిరా, కాస్త ఆపు" అనేవాడు. తిట్టుకుంటానే ఆ బండిని బతికించినాడు.

కానీ ఒక మాట ఒప్పుకోవాల. ఆ బండి మాకు ముద్దే గానీ ఎక్కేవాళ్ళకి కాదు. చివరి పెట్టెలో కూర్చున్న ముసలమ్మలు దిగేసరికి పొగకి ముక్కులు నల్లబడేవి. మెట్టు నడుమెత్తు. ఒకరోజు ఒకాయన కాళ్ళు రాని తల్లిని రెండు చేతుల మీద ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టినాడు. ఆమె సిగ్గుతో మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆరోజు బండిని నడకంత మెల్లగా తోలినాను. అందుకని, కరెంటు బస్సులొస్తున్నాయి, నేలకి ఆనేంత కిందికి ఉంటాయి, చక్రాల కుర్చీ ఎక్కేదానికి పలక కూడా ఉంటది అని మేనేజరు గారు చెప్పినప్పుడు మంచిదే అనుకున్నాను.

ఆయన వెంటనే రెండో మాట చెప్పినాడు. బస్సుని కుదుపు లేకుండా తోలి చూపించినోళ్ళకే సీటు. చూపించలేనోళ్ళకి పార్కింగులో పని.

పార్కింగంటే నాకు ఎండ భయం కాదు. అక్కడ కార్లకి దారి చూపించేదానికి పొద్దస్తమానం నోట్లో విజిలు పెట్టుకోవాల. నా నోట్లో విజిలు పెట్టినాక ఇంక నేను మాట్లాడేది ఎప్పుడు?

బస్సు నేర్పించేదానికి చెన్నై నుంచి ఒక ఇంజనీరు వచ్చినాడు. అరవం కలిసిన తెలుగు, మంచి ఓపిక. మనుషుల బదులు సీట్ల మీద ఇసక మూటలు పెట్టించి, "పోనీయండి సార్" అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆయనే. ఆ మర్యాదకి నేను చేసింది ఏందంటే, బస్సు కదిలిన వెంటనే ధడేల్‌మని ఆపినాను. మూటలన్నీ ముందుకొచ్చి పడినాయి. మళ్ళీ పోనిచ్చినాను. మలుపు దగ్గర మళ్ళీ ధడేల్.

తప్పు నాది కాదు, నా ఎడమ కాలిది. ట్రాక్టరులో బండి ఎత్తాలన్నా, గేరు మార్చాలన్నా ముందు ఎడమ కాలు క్లచ్చు తొక్కాల. ఈ బస్సుకి క్లచ్చు లేదు. ఆ కాలికి ఏ పనీ లేదు. అది మాత్రం అలవాటు కొద్దీ వెతుక్కుంటా పోయి, పక్కనున్న వెడల్పాటి బ్రేకుని దొరికింది కదాని గట్టిగా తొక్కతా ఉంది. మూటలకి నోరు లేదు కాబట్టి ఆరోజు బతికిపోయినాను.

"రేపు పొద్దున ఇంకోసారి చూద్దాం సార్" అన్నాడు ఇంజనీరు. అది ఆయన మంచితనం. మేనేజరు గారు అప్పటికే విజిలు వైపు చూస్తా ఉన్నాడు.

షెడ్డులో మేస్త్రీ దగ్గర కూలబడినాను.

"భాయ్, నా కాలు నా మాట వినడం లేదు."

"నీ మాట ఎవరు విన్నార్రా ఇన్నేళ్ళూ, కాలు వినేదానికి?" అని, భుజం మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టినాడు. "చీలమండకి వేసి సీటు కాలికి కట్టు. నువ్వు చెప్తే విననిది ముడి చెప్తే వింటది. కదిలినప్పుడల్లా లాగతా ఉంటే దానికే బుద్ధొస్తది."

సాయంత్రం ఆగి ఉన్న బస్సులో కూర్చుని, కాలు కట్టుకుని, కుడి కాలితోనే అన్నీ చేయడం మొదలుపెట్టినాను. ఆయన ఇంటికి పోకుండా మెట్టు మీద కూర్చుని, నా ఎడమ మోకాలు కదిలినప్పుడల్లా "ఆ!" అని అరిచినాడు. పనిలేని మనిషిలా అట్నే కూర్చున్నాడు, ఆయన ఇంట్లో అన్నం చల్లారిపోతా ఉన్నా.

మర్నాడు మూటలు ఎక్కిస్తా ఉంటే క్యాంటీను అక్కలు వచ్చినారు. వాళ్ళది పక్కనున్న చేపలోళ్ళ పాళెం. సముద్రం ఒడ్డు మెస్సులో తినే పనోళ్ళ కోసం చేపల పులుసు క్యాంటీనులో పెద్ద గిన్నెకి వండి, తోపుడుబండి మీద అక్కడికి తీసుకుపోతారు.

పెద్దక్క ఇంజనీరుతో, "ఏం నాయనా, ఇసక మూటల్ని ఊరేగిస్తా ఉండారు, మమ్మల్ని ఎక్కించుకోకూడదా? పులుసు కూడా చేరతది" అంది.

"పులుసు వద్దక్కా" అన్నాను నేను.

"ఏందబ్బయా, భయమా? పొద్దున్నే లేచి చింతపండు పిసికినాను. ఒక్క చుక్క ఒలికిందో, ఆ మిగిలింది నీ నెత్తిన పోస్తా."

ఇంజనీరుకి ఆ ఉపాయం నచ్చింది. గిన్నె నా సీటు వెనకాలే పెట్టినారు, మూత లేకుండా. మామిడికాయ వేసిన పులుసు వాసన మెడ మీదికి వస్తా ఉంటే, ప్యాంటు కిందుగా కాలు కట్టుకుని బస్సు ఎత్తినాను. కదిలింది, చప్పుడు లేకుండా. మలుపు వచ్చింది. ఎడమ కాలు గబుక్కున లేచింది, తువ్వాలు పట్టి లాగింది. కుడి కాలు మెల్లగా నొక్కింది. వెనక నుంచి అరుపు రాలేదు. ఇంకో మలుపు. హోటలు దాటినాము. నేను ఒక్క జోకు కూడా వేయలేదు.

"ఏమైందే వీడికి, ఒంట్లో బాగలేదా?" అంటా ఉంది ఒకక్క.

సముద్రం కనిపించింది. బస్సు ఆగింది. పెద్దక్క గిన్నెలోకి తొంగి చూసి, "ఒలకలేదు" అంది. ఆ ఒక్క మాటకి ఆనందం పట్టలేక, దిగుదామని సీట్లో నుంచి దూకినాను. కాలు కట్టి ఉందని మర్చిపోయినాను. తలుపులో నుంచి సగం బయటికి, సగం లోపలికి వేలాడినాను, మా ఏనుగు తొండంలాగా.

ఇంజనీరు తువ్వాలు చూసినాడు. "సీటు బెల్టు కాలికి పెడతారా సార్ ఇక్కడ?" అన్నాడు. తర్వాత ముడి విప్పి, తువ్వాలు లేకుండా మళ్ళీ గేటు దాకా తోలమన్నాడు. తోలినాను. కాలు ఉలికిపడింది గానీ బ్రేకు దాకా పోలేదు. జరిగిందంతా విని మేనేజరు గారు కడుపు పట్టుకుని నవ్వతా, "తోలడం వచ్చింది, వీడికి దిగడం నేర్పించండి" అన్నాడు. బస్సు నాది అయింది. మేస్త్రీని ఆ బస్సుల చక్రాలకీ బ్రేకులకీ ఉంచుకున్నారు.

ఆరోజు మెస్సులో పెద్దక్క నా ఆకులో తలకాయ ముక్క వేసింది. మా దగ్గర అది ఊరికే ఎవరికీ వేయరు. దాన్ని తీసి మేస్త్రీ ఆకులో పెట్టినాను. తువ్వాలు మడిచి పక్కన పెట్టి, ఏదో చెబుదామని నోరు తెరిచినాను.

"తువ్వాలు నువ్వే ఉంచుకో, నీ కాలు మీద నాకింకా నమ్మకం లేదు" అన్నాడు. "ఇంక నోరు మూసుకుని తిను."

ఆ ఒక్కపూట మూసుకున్నాను. తెరిస్తే జోకు కాదు, ఏడుపు వచ్చేటట్టు ఉంది.