కొబ్బరికాయకు జడ

నా నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

బందరు నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సులో పక్కవాళ్ళకు మా నాయనమ్మ కాచే మందారాకుల నూనె గొప్పలు చెబుతున్నాను. "ఒకరోజు చుక్క జారి కొబ్బరికాయ మీద పడిందండీ. సాయంత్రానికి ఆ కాయకు జడ వేయాల్సొచ్చింది!"

ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. "ఆ నూనె నాకూ పనిచేస్తుందా బాబాయ్ గారూ?" అంటూ తలకు చుట్టుకున్న చున్నీ పక్కకు జరిపింది. నున్నటి గుండు.

"తిరుపతి వెళ్ళొచ్చావా అమ్మా? దేవుడికిచ్చిన జుట్టు రెట్టింపై వస్తుందిలే," అన్నాను.

"మొక్కు కాదండీ. కేన్సర్ మందులకి ఊడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇవాళే ఇంటికెళ్తున్నా. మా పాప చిన్నది. నన్నిలా చూసి దగ్గరికొస్తుందో, జడుసుకుంటుందో."

"ఆ నూనె సంగతి ఉత్త కోతలమ్మా," అన్నాను.

"మీ నెత్తి చూస్తే తెలియట్లా?" అంది. "ఆ కొబ్బరికాయ కథ ఇంకోసారి చెప్పండి. పాపకి చెప్పాలి."

చెప్పాను. ఆమె పెదాలు కదుపుతూ ఒక్కో మాటా వల్లె వేసుకుంది.

చల్లపల్లిలో దిగింది. బస్టాండులో ఒక ముసలామె చెయ్యి పట్టుకుని నిలబడ్డ పాప, "అమ్మా!" అంటూ పరిగెత్తుకొచ్చి ఆమెను చుట్టేసింది.

ఒట్టేశాను కనుక ఒప్పుకోవాలి. పాప పరిగెత్తుకు రావడం నా కల్పన. నిజానికి పాప ముసలామె వెనక నక్కింది. తల్లి పాప దగ్గరకు పోకుండా, అక్కడే కింద కూర్చుని, గాలిలో జడ అల్లుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అంతలో బస్సు కదిలింది.