పొయ్యి ముట్టించని తీపి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంటి ముందు పారే మురుగు మోరీని ఒకసారి పరాయి ఊరి చుట్టాల దగ్గర మంజీర పాయ అని చెప్పి, వాళ్లు చూడటానికి వస్తామనేసరికి వానాకాలం దాకా ఆగమన్నాను. అందుచేత ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఎక్కడైనా గుట్ట కనబడితే దాన్ని గంపెడు అనుకోండి, గంపెడు అంటే చారెడు అనుకోండి. అనుమానాల దగ్గర మాత్రం ఏమీ తగ్గించకండి. మా ఇంట్లో అనుమానాలకు నా ఎరువు అక్కర్లేదు, అవి వాటంతట అవే దూలాలకు తగిలేంత పెరిగేవి.

మొన్న ఆదివారం పొద్దున మా వదిన కోడలు వంటింట్లో సెల్‌ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, అందులో ఎవరో చెబుతుంటే వింటూ, బిస్కెట్లు పొడి చేసి, కొబ్బరి కోరు కలిపి, కోకో పొడి వేసి, డబ్బా పాలు పోసి ఉండలు చేస్తోంది. గడప దగ్గర నిలబడిన మా వదిన, తల నెరిసి ముగ్గుబుట్టలా అయినా ముక్కు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్న మనిషి, ఆ కోకో డబ్బా మూత తీసి ఒకసారి, తిప్పి ఇంకోసారి వాసన చూసి, "పొయ్యి ముట్టియ్యకుంట గిదేం తీపి పిల్లా?" అంది. అవతలి గదిలో పేపరు చదువుతున్న నాకు నవ్వాగలేదు. వదిన నా వైపు చూసిన చూపుకు పేపరు అంటుకోవలసింది, ఆదివారం సంచిక మందంగా ఉండబట్టి ఆగింది. ఎందుకంటే అక్షరం పొల్లు పోకుండా ఆ మాటే, ఇదే వంటింట్లో, ఒకప్పుడు మా అవ్వ ఆమెనే అడిగింది.

అప్పటికి నేను బాన్సువాడ బజారులో ఒక కిరాణా దుకాణంలో కొత్తగా కుదిరాను. బెల్లం దిమ్మలు మోసి మోసి నా చొక్కా ఎక్కడ విప్పితే అక్కడ చీమలు సభ పెట్టేవి. మాది బీడీల ఇల్లు. మా వయసు వాళ్లకు ఆ ఇళ్లు ఎలా ఉండేవో చెప్పనక్కర్లేదు. వాడకట్టు ఆడవాళ్లంతా మా ముందరి గదిలో గోడకు వీపు ఆనించి వరసగా కూర్చునేవారు, ఒళ్లో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు, పక్కన కత్తెర. ఆ వరసకు తలకాయ మా అవ్వ, అంటే మా నాన్నను కన్న తల్లి. అవ్వ చుట్టిన బీడీలు పక్కపక్కన పెడితే ఒకే తల్లి పిల్లల్లా ఉండేవి. కార్ఖానాలో మేనేజరు అందరి బీడీలూ గిచ్చి చూసి వంకరవాటిని ఏరి అవతల పడేసేవాడు గానీ, అవ్వ కట్టల దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేవాడు.

అవ్వ చేతులు అంత నమ్మదగినవి కాగా, అవ్వ మనసు ఎవరినీ నమ్మేది కాదు. పాలు పోసేవాణ్ణి నమ్మదు, వాడి బర్రెను నమ్మదు, ఆ బర్రె గడ్డి తిన్న పొలం ఎవరిదో అడుగుతుంది. ఆమె అనుమానంగా చూసిందంటే నిజాంసాగర్ కాలువ కూడా ఒక క్షణం ఆగి తన నీళ్లు తానే చూసుకునేది.

అలాంటి ఇంటికి ఆ ఎండాకాలం మా అన్న పెళ్లి చేసుకొని వదినను తెచ్చాడు. నిజామాబాద్ పిల్ల, బీడీ చుట్టడం రాదు, పైగా నవ్వుతూ మాట్లాడుతుంది. ఈ మూడూ అవ్వ దృష్టిలో ఒకదాన్ని మించి ఒకటి నేరాలు. కొత్తగా వచ్చిన కోడళ్లు మొగుణ్ణి కొంగుకు కట్టుకోవడానికి తిండిలో మందు పెడతారని అవ్వకు గట్టి నమ్మకం. మా వైపు ఆ మాట వినని వారుండరు, మొగుడు భార్య మాట ఒకసారి విన్నాడంటే చాలు, మందు పడిందనేవారు. అందుకని వదిన వచ్చిన నాటి నుంచి అవ్వ ఆమె చేతి ముద్ద ముట్టలేదు. అమ్మ వండితే తింటుంది, అమ్మ వడ్డిస్తే తింటుంది, వదిన గరిటె పట్టుకుంటే చాలు కడుపులో మంట అని మంచం ఎక్కుతుంది. వదిన ముఖం రోజురోజుకూ చిన్నదై, శ్రావణం వచ్చేసరికి నాకు ముక్కుపుడక తప్ప కనబడకుండా పోయింది.

రాఖీ పున్నానికి వదినను తీసుకుపోవడానికి వాళ్లన్న వస్తానని కబురు పంపాడు. ఆ కబురు వచ్చిన రోజు వదిన అమ్మతో, నేను అక్కడే ఉల్లిగడ్డలు ఏరుతుండగా, చాలా నెమ్మదిగా చెప్పింది. "అత్తమ్మా, అవ్వ నా చేతిది ఒక్కటన్న తింటె వస్త. లేకుంటె ఇగ మల్ల రాను. గీ ఇంట్ల నేను విషం లెక్క తిరుగలేను." అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డల వల్లనేమో అని నేను అనుకుందామనుకున్నాను గానీ, అవి ఇంకా కోయలేదు.

పున్నానికి ముందు నాగుల పంచమి ఉంది. అవ్వ పుట్టిల్లు డోంగ్లి వైపు, మరాఠీ మాటలు గాలిలో వినబడే చోటు, అక్కడి కట్టడి అవ్వ మా ఇంటికి తెచ్చింది. ఆ రోజు పొయ్యి మీద పెంక, అంటే పెనం, పెట్టకూడదు, ఏదీ వేయించకూడదు, కాల్చకూడదు, కత్తి గానీ కత్తెర గానీ పట్టకూడదు. ఆకు కత్తిరించకూడదు గనక బీడీలూ బందు. వదిన ఇదంతా చెవులు రిక్కించి విని, నన్ను పక్కకు పిలిచి, తన పుట్టింటి దగ్గర బేకరీవాళ్లు చేసే ఒక తీపి ఉందని, దానికి పొయ్యితో పనే లేదని, అవ్వ కట్టడికి అంతకన్నా సరిపోయేది భూమ్మీద లేదని, కావలసిందల్లా కోకో పొడి అని చెప్పింది.

ఆ పొడి కోసం నేను బాన్సువాడ దుకాణాలన్నీ తిరిగాను, బిచ్కుంద సంత తిరిగాను, పెద్ద కొడప్‌గల్ వెళ్లే సరుకుల లారీవాళ్లను కూడా ఆపి అడిగాను. ఒక సేటు అది పశువుల మందా అన్నాడు, ఇంకొకాయన గొంతు తగ్గించి, ఎవరికి పెట్టడానికి అన్నాడు. చివరికి తెలిసిన బస్సు డ్రైవరన్న నిజామాబాద్ నుంచి తెచ్చి, బస్టాండులో ఇంజను ఆపకుండానే, పేరూ ఊరూ లేని న్యూస్‌పేపరు పొట్లం కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని చొక్కా లోపల దాచుకొని ఇంటికి వచ్చాను. ఎందుకు దాచానో నాకే తెలియదు, కానీ ఆ పొట్లం దాచుకోదగినట్టు ఉంది.

ఎండుకొబ్బరి కుడుకలు తురమడం, పాలు చక్కెర వేసి చిక్కగా మరిగించి చల్లార్చడం వదిన ముందు రోజే చేసేసింది. పండగనాడు పుట్టలో పాలు పోసి వచ్చాక, బిస్కెట్లు రోట్లో వేసి నూరుతుంటే అవ్వ వంటింటి గడపలో ప్రత్యక్షమైంది. వెనక వాడకట్టు మొత్తం ఉంది. బీడీలు బందు కాబట్టి ఆ రోజు ఒక్కరికీ పని లేదు, ఉన్న కళ్లన్నీ మా రోటి మీదే.

"పొయ్యి ముట్టియ్యకుంట గిదేం తీపి పిల్లా?"

"గిది గట్లనే జేస్తరు అవ్వా. ఇయ్యాల పెంక పెట్టద్దంటివి గదా."

"మరి గా బిస్కట్లు నిప్పు జూడలేదా?"

"మనింట్ల జూడలే. ఎప్పుడో, యాడ్నో జూసి చల్లారినయ్."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, అవ్వ తిరిగి చూడగానే దగ్గుగా మార్చుకున్నారు. అప్పుడు అవ్వ కన్ను పొట్లం మీద పడింది. ముదురు గోధుమ రంగు, మెత్తటి పొడి, పేరు లేని కాగితం. వంగి వాసన చూసింది, కానీ జీవితమంతా తంబాకు పీల్చిన ముక్కు అది, దానికి మల్లెపూలు కూడా తంబాకు వాసనే వేస్తాయి. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. కోకో ఒట్టిగా తింటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. అవ్వ ముఖం వడలిన తునికాకులా ముడుచుకుంది.

"చేదు," అంది అందరి వైపు తిరిగి. "తీపిల చేదెందుకేస్తరే? గిదేందో మీరే సమజ్ చేసుకోండ్రి."

అందరూ సమజ్ చేసుకున్నారు. అవ్వ అన్నను పిలిపించి, ఇయ్యాల ఇంట్లో నీళ్లు కూడా ఇచ్చిందెవరో అడిగి తాగమంది. అన్న అటు భార్య వైపూ ఇటు అవ్వ వైపూ చూసి, దుకాణం తాళం మర్చిపోయానని వెళ్లిపోయాడు. అన్నకు దుకాణం లేదు. వదిన మాత్రం తల ఎత్తకుండా అన్నీ తాంబాళంలో కలిపి, పాలు పోసి పిసికి, ఉండలు చుట్టడం మొదలుపెట్టింది.

అక్కడ వచ్చింది అసలు విపత్తు. వదిన ఉండలు ఉండల్లా లేవు. ఒకటి వంకాయంత, ఒకటి రేగుపండంత, ఒకటి సగం చుట్టగానే విడిపోయి తాంబాళంలో రాలింది. వాడకట్టు వరస నవ్వడం కూడా మానేసింది, అది నవ్వుకన్నా ఘోరం. నేను అవ్వ చేతులే చూస్తున్నాను. పొద్దుటి నుంచి కత్తెర ముట్టని ఆ వేళ్లు ఒళ్లో ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. వదిన మరో ఉండ చుట్టి పక్కన పెట్టగానే అది మెల్లగా ఒరిగింది, దానితోపాటు అవ్వ ఓపిక కూడా.

"గిట్ల జేస్తె కార్ఖానల మొకం మీద గొడ్తరు. జరుగు."

అవ్వ చేతులు కడుక్కుంది, కడుక్కొని మళ్లీ కడుక్కుంది. తాంబాళం ముందు బాసింపట్టు వేసుకొని, ముద్ద గిల్లి, అరచేతుల మధ్య సుతారంగా ఒక్కసారి తిప్పి, కొబ్బరి పొడిలో దొర్లించి వదిలింది. ఆ ఉండ గుండ్రదనం ముందు పున్నమి చంద్రుడు కూడా కొంచెం సొట్టగా కనబడేవాడు. వెనకాలే వాడకట్టు అంతా చేతులు కడుక్కొని కూర్చుంది. చూస్తుండగానే ఉండలు తాంబాళం నిండి, చాటలు నిండి, గడప దాటి వీధిలోకి దొర్లాయి, ఆ రోజు ఎవరైనా మా గల్లీలో జారిపడి ఉంటే కారణం అదే. వదిన కలుపుతోంది, అవ్వ చుడుతోంది, కలిపింది పలుచనైతే అవ్వ తిడుతోంది, వదిన "సరె అవ్వా" అంటోంది.

అన్నీ అయ్యాక అవ్వ తన చేతి ఉండ ఒకటి తీసుకొని, వెలుతురులో తిప్పి చూసి, నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. వాడకట్టు ఊపిరి బిగపట్టింది, గూట్లో దీపం కదలడం మానేసింది. అవ్వ కళ్లు తెరిచి, "చేదు పోయింది," అని, ఇంకొకటి తీసుకుంది, ఆపైన ఇంకొకటి.

రాఖీకి వెళ్లిన వదిన పున్నం వెళ్లగానే తిరిగి వచ్చింది. ఆ సాయంత్రమే అవ్వ తన పక్కన పీట వేయించి, వదిన ఒళ్లో చాట పెట్టి, ఆకు చేతికిచ్చి వేళ్లు పట్టుకొని తిప్పించింది. వదిన బీడీలు మొదట్లో ఉండల్లాగే వచ్చాయి. ఏళ్లు గడిచాక అవి అవ్వ బీడీల పక్కన పెడితే ఏది ఎవరిదో అవ్వకే తెలిసేది కాదు. ఆ రోజు ఉండలు అలా విడిపోవడం వదిన కావాలనే చేసిందని నాకు అప్పటి నుంచీ గట్టి అనుమానం. అడిగితే ఇప్పటికీ నవ్వుతుంది, ఆ నవ్వు చూస్తే అవ్వ అనుమానాలన్నీ సబబే అనిపిస్తుంది.

ఇప్పుడు ముందరి గదిలో సోఫా ఉంది. చాటలు అటక మీదికి ఎక్కాయి, ఆ వరసలో కూర్చున్న వాళ్లలో చాలామంది ఇక లేరు, ఉన్నవాళ్ల పిల్లలకు తునికాకు వాసన తెలియదు. తినేది ఏదైనా డబ్బాలో వస్తుంది, మేము డబ్బా వెనక తేదీ చూసి నోట్లో వేసుకుంటాం. చేసిన మనిషి ముఖం చూడాల్సిన పని లేదు. మందు పెడుతుందన్న భయం పోయింది, మంచిదే, అలా ఏడ్చిన ఆడపిల్లలు ఎందరో. కానీ ఒక పిల్ల ఒక ముద్ద కలుపుతుంటే వాడకట్టంతా పని లేక వచ్చి నిలబడి చూసే తీరిక కూడా దానితోపాటే పోయింది. మొన్న మా కోడలు ఉండలు ఒక్కతే చుట్టడం మొదలుపెట్టింది, వదిన అడిగిన ఆ ఒక్క మాట పోను, ఫోన్ తప్ప ఆమెతో మాట్లాడినవాళ్లు లేరు. కాసేపటికి వదినే జరగమని చేతులు కడుక్కుంది.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. వీధిలోకి దొర్లిన ఉండలని మీరు అనుకుంటారు, అవి పెంచినవే గానీ కల్పించినవి కావు, ఒకటి నిజంగానే గడప దాటింది. కల్పించింది అవ్వ తినడం. అవ్వ ఆ రోజు ఒక్క ఉండ కూడా తినలేదు. తాను చుట్టిన మొదటి ఉండను తీసి వదిన నోట్లో పెట్టింది, పెట్టి, ఆమె నమిలి మింగేదాకా ముఖంలోకి అలాగే చూస్తూ కూర్చుంది. మందు ఉందో లేదో చూసిందో, పొద్దుటి నుంచి పిల్ల ఏమీ తినలేదని పెట్టిందో, నాకు ఈనాటికీ తెలియదు. వదిన మింగింది, కళ్ల నీళ్లు కారాయి, అవ్వ ఇంకో ముద్ద గిల్లింది.

మరి పంతం పట్టినదానివి, అవ్వ నీ చేతిది తినకపోయినా ఎందుకు తిరిగి వచ్చావని మొన్న ఉండలు చుడుతుండగా వదినను అడిగాను. కోడలు కూడా చెయ్యి ఆపి వింటోంది.

"ఆమె నా చేతిది తినలే," అంది వదిన, చుట్టిన ఉండ కోడలి నోట్లో పెడుతూ, "నేను ఆమె చేతిది తింటి గద."