కొల్లేటి గట్ల మీద ఎర్ర తువ్వాలు

నేను చదివింది నాలుగో తరగతి దాకానే. జాకెట్లు కుట్టేటప్పుడు కొలతలు రాసుకోవడమే గానీ ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మా ఆయన పడిపోయిన రోజు నుంచి మొదలుపెడుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. మా ఆయనది ఉల్లిపాయల మార్కెట్లో కాటా దగ్గర పని. ఆయనకి సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక పాత బుల్లెట్టు. ఒకరోజు దాని మీద ఒక్కరే ఏలూరు వెళ్ళి వస్తూ, గుండుగొలను దగ్గర హైవే పక్కన ఇసకలో జారి పడ్డారు. భుజం ఎముక విరిగింది. ఎముక విరిగినందుకు కాదు నేను ఏడ్చింది. పడ్డాక చాలాసేపు ఆ తుప్పల్లోనే ఉన్నారట. లారీలు వెళ్తూనే ఉన్నాయి, ఎవరికీ కనపడలేదు. చివరికి గడ్డిమోపు ఎత్తుకెళ్తున్న ఒకావిడ చూసి కేకేసింది. ఆవిడ ఆ దారిన రాకపోతే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఎముక అతుక్కున్నాక బండి అమ్మెయ్యమన్నాను. ఆయన కాదనలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుని మంచం మీద కూర్చునేవారు, అంతే. తణుకు నుంచి ఒకాయన సోమవారం వచ్చి బండి తీసుకెళ్తానని మాట ఇచ్చాడు. ఆ ముందు వారంలో ఒకరోజు, నేను మిషన్ తొక్కుతుంటే వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఆదివారం మా బుల్లెట్టు క్లబ్బువాళ్ళు కొల్లేరు వెళ్తున్నారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం."

"వెళ్ళండి. నన్నడగడం దేనికి?"

"నువ్వు కూడా రా. నా వెనకాల కూర్చుని చూడు. వచ్చాక కూడా అమ్మెయ్యమంటే, సోమవారం తాళం నా చేత్తోనే ఇచ్చేస్తా."

"వద్దంటే అమ్మరా?"

"నువ్వే చెప్పాలి."

ఆయన అంత పొడుగు మాట్లాడి చాలా రోజులైంది. అందుకే ఒప్పుకున్నాను. కానీ మనసులో మాత్రం అమ్మించడానికే ఒప్పుకున్నాను.

ఆదివారం పొద్దున్నే చర్చిలో ఉండే ఆరాధనకి వెళ్ళి, ఆ తెల్ల చీరతోనే వచ్చి బండెక్కాను. అప్పటికి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటువాళ్ళు కొట్టించేసి ఏడాదయింది. క్లబ్బు అంటే ఏదో అనుకున్నాను. తీరా చూస్తే స్పేర్‌పార్ట్స్ కొట్టాయన, బట్టల కొట్టు పెద్దాయన, ఇంకా అలాంటివాళ్ళే, పది పన్నెండు బళ్ళు. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

స్పేర్‌పార్ట్స్ ఆయన అందరికన్నా ముందు వెళ్తాడు. దారి ఆయనకే తెలుసు. బట్టల కొట్టు పెద్దాయన అందరికన్నా వెనక వస్తారు. ఆయన్ని వాళ్ళు "తోక" అంటారు. తోక మెడలో ఎర్ర తువ్వాలు ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా ముందాయన తన వెనకున్న మనిషికి చెయ్యి చూపిస్తాడు. ఆ మనిషి మలుపులో ఆగి, వచ్చేవాళ్ళందరికీ దారి చూపించాలి. ఎర్ర తువ్వాలు దాటేదాకా కదలకూడదు. హెల్మెట్లు పెట్టుకుంటే ఎవరెవరో తెలియదు కాబట్టి ఆ రంగే గుర్తు.

"ఈ తువ్వాలు దాటిందంటే వెనకాల ఎవరూ లేనట్టేనమ్మా," అని పెద్దాయన నాకు వివరంగా చెప్పారు. నేను తలూపాను గానీ, ఎప్పుడు ఇంటికెళ్తామా అని చూస్తున్నాను.

భీమడోలు దాకా కాలవగట్ల మీద, చేల మధ్య రోడ్ల మీద వెళ్ళాం. మా ఆయన నెమ్మదిగా నడుపుతున్నారు. నేను ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. భీమడోలులో టీకి ఆగినప్పుడు పెద్దాయన నా దగ్గరికొచ్చారు.

"ఏవమ్మా, నీ పైట గాలికి ఎగిరి చక్రం మీదకి వస్తోంది. వెనకాల నుంచి చూడలేక చస్తున్నాను."

"నెత్తి మీద కప్పుకుంటున్నానండి, నిలవట్లేదు."

"పైట బొడ్లో దోపు. నెత్తికి ఇది కట్టుకో. ఎండ కూడా తగలదు."

మెడలో తువ్వాలు తీసి ఇచ్చారు. నేను నెత్తికి బిగించి కట్టుకున్నాను. ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు, చుట్టూ నిలబడి టీ తాగుతున్నవాళ్ళలో ఒక్కళ్ళకీ తట్టలేదు.

భీమడోలు నుంచి కొల్లేటి వైపు దిగాం. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు, మధ్యలో మట్టి గట్టు. నీళ్ళ మీద గూడకొంగలు పడవల్లా తేలుతున్నాయి. మా బండి వరసకి మధ్యలో ఉంది. ప్రతి మలుపులోనూ ఆగి ఉన్న మనిషి మమ్మల్ని చూడగానే చెయ్యూపి, కిక్కు కొట్టి మా వెనక వచ్చేస్తున్నాడు. నన్ను చూసి మర్యాద చేస్తున్నారనుకున్నాను.

లంక ఊళ్ళో ఒక ఇంట్లో మాకు భోజనాలు చెప్పారు. అక్కడ బళ్ళు ఆపేసరికి సగం మందిమే ఉన్నాం. పెద్దాయన లేరు, ఇంకో నాలుగైదు బళ్ళు లేవు. స్పేర్‌పార్ట్స్ ఆయన చివరి మలుపులో నిలబడ్డ మనిషిని పట్టుకున్నాడు.

"తోక రాకుండా ఎలా వచ్చేశావయ్యా?"

"ఎర్ర తువ్వాలు చూశాకే వచ్చానండి. నా కళ్ళతో చూశాను."

"ఎక్కడుంది తువ్వాలు?"

అతను వెతుక్కుని వెతుక్కుని నా నెత్తి చూశాడు. తర్వాత అందరూ నా నెత్తే చూశారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. వంటావిడ గరిటె పట్టుకుని బయటికొచ్చి, "ఏవైందండీ?" అంది. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

నవ్వులు ఎంతోసేపు లేవు. సెల్లుకి సిగ్నల్ లేదు. కొట్టేసిన గట్లు కొన్ని తిన్నగా నీళ్ళలోకి వెళ్ళి ఆగిపోతాయి, కొత్తవాళ్ళకి తెలియదు. ఎవరు వెనక్కి వెళ్ళాలా అని అనుకుంటుంటే మా ఆయన హెల్మెట్ తీసుకున్నారు. నా వైపు చూశారు గానీ రమ్మనలేదు.

"నేనూ వస్తానండి," అన్నాను. "నన్ను చూసే కదా అందరూ వచ్చేసింది."

"భయంగా లేదా?"

"ఉంది. పదండి."

వెళ్ళేటప్పుడు నేను ప్రార్థన చేస్తున్నానని చెప్పాను కదా, వెనక్కి వచ్చేటప్పుడు దానికి తీరిక లేదు. ఎడమ పక్కకి చీలే గట్లు నేను చూస్తున్నాను, కుడి పక్కవి ఆయన చూస్తున్నారు. మలుపు వచ్చే ముందు ఆయన వేగం తగ్గించడం, హారన్ కొట్టడం, గుంత ఉంటే "గట్టిగా పట్టుకో" అనడం, ఇవన్నీ పొద్దున కూడా చేసే ఉంటారు. నా భయంలో నేనే గమనించలేదు.

ఒకచోట రోడ్డు నిండా బాతులు. బాతులు మేపే ఆయన కర్ర ఊపుతూ వాటిని గట్టు దింపుతున్నాడు.

"బాబాయ్, బళ్ళు ఏవైనా వచ్చాయా ఇటు?" అని అడిగాను.

"ఇందాక నా బాతులు దాటేదాకా ఇక్కడే ఆగారమ్మా. తర్వాత మలుపులో మనిషి లేడని తిన్నగా పోయారు. అటు దారి లేదు బాబోయ్ అని అరిచాను. ఆ మోత బళ్ళకి నా మాట ఏం వినపడుద్ది?"

గట్టు చివర, నీళ్ళు మొదలయ్యేచోట వాళ్ళు కనపడ్డారు. ఒక బండి తిప్పబోయి వెనక చక్రం బురదలోకి జారింది. పెద్దాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలో నిలబడి దాన్ని పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి, "నా తువ్వాలు ఇక్కడికొచ్చిందే," అన్నారు.

"వెళ్ళిపోలేదేంటండీ?" అని అడిగాను. "దిగడిపోయింది ఈయన బండొక్కటే కదా."

"ఈయన్ని వదిలేసి ఎక్కడికెళ్తామమ్మా?" అన్నారు పెద్దాయన, నేనేదో తిక్క ప్రశ్న అడిగినట్టు.

మా ఆయన కిందకి దిగి, విరిగి అతుక్కున్న భుజం బండికి ఆనించారు. నేనూ చెప్పులు విప్పేసి దిగి వెనక నుంచి తోశాను. ఆరాధన చీర మోకాళ్ళ దాకా నల్లబడిపోయింది. బండి పైకొచ్చింది. ఆయన భుజం తడుముకుని, చెయ్యి గుండ్రంగా తిప్పి చూసుకుని, నవ్వారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి.

తిరిగి లంక ఊరికి మేమే ముందు వెళ్ళాం. నేను వెనక్కి తిరిగి అందరూ వస్తున్నారో లేదో చూస్తూనే ఉన్నాను. కొరమీను పులుసు చల్లారిపోయింది. మేం వచ్చేదాకా ఒక్కళ్ళూ విస్తరి ముందు కూర్చోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక చీర నానబెడుతూ ఆలోచించాను. నా భయం ఆయన పడతారని కాదు. పడితే ఎవరూ చూడరని.

సోమవారం తణుకు ఆయన వచ్చాడు. మా ఆయన తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను ఆయన్ని దాటి ముందుకొచ్చాను.

"బండి అమ్మట్లేదండి."

"అదేంటమ్మా, మీ ఆయన మాట ఇచ్చారు కదా."

"ఇచ్చారండి, నేను అమ్మమన్నాను కాబట్టి ఇచ్చారు. ఇప్పుడు నేనే వద్దంటున్నాను. అంత దూరం తిప్పినందుకు ఏమీ అనుకోకండి."

తణుకు ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశారు.

"మీరొక్కరే హైవే ఎక్కకూడదు," అని మా ఆయనకి చెప్పాను. "వెళ్తే వాళ్ళతోనే వెళ్ళాలి. ఆదివారం అయితే నా ఆరాధన అయ్యాకే బయల్దేరాలి, నేనూ వస్తాను."

"సరే," అన్నారు మా ఆయన. తాళం జేబులో వేసుకుని, తణుకు ఆయనకి కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చుని, ఇంతకీ మీ క్లబ్బులో కొత్తవాళ్ళని చేర్చుకుంటారా అండి అని అడిగాడు. నేను టీ పెట్టడానికి లోపలికెళ్ళాను.