రాయిని నీవైపు తిప్పుకో

జెర్రుల పట్టికలోంచి నా పేరు కొట్టేశారు. నేను పట్టి సీసాల్లో పెట్టిన జెర్రులన్నీ పక్కన పడేశారు. నాకు దయ్యం కనబడిందట! కనబడలేదు. దయ్యాలున్నాయని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాశాను, అదే నా నేరం.

డెబ్బైల నాటి మాట. ఆటోనగర్‌లో లేతు పని చేసేవాణ్ణి. బడి చదువు ఐదో తరగతి. తక్కినదంతా పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే. బెజవాడ కాలేజీ లెక్చరరు ఒకాయన కొండపల్లి రిజర్వు అడవిలో ఎన్ని రకాల జెర్రులున్నాయో చూస్తుంటే, ఆదివారాలు నేనూ వెళ్ళేవాణ్ణి. స్ప్రింగు రేకుతో పొడుగాటి పట్టకారు నేనే చేసుకున్నాను. ఎండ కాసే వాలులో, రాళ్ళ కింద జానెడేసి జెర్రులు. కుళ్ళిన వెదురులో బల్లపరుపువి. వాగు ఒడ్డున తడి ఆకుల్లో దారపు పోగుల్లాంటివి. ఏ చోటి జెర్రి ఆ చోటిదే. ఆ సంగతి ముందు చెప్పింది నేను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రాయిని ఎప్పుడూ మనవైపుకే లేపాలి. కింద ఏమున్నా అవతలికి పోతుంది, మధ్యలో రాయి అడ్డుంటుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, వాగు దగ్గర, అలసటలో అది మరిచి రాయిని అవతలికి నెట్టబోయాను.

"నీవైపు తిప్పుకో అబ్బాయ్."

ముసలామె గొంతు, చెవి పక్కనే. "అలాగేనండీ" అంటూ ఇటు లేపాను. రాయి మీదుగా తొంగిచూస్తే, అవతల రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది.

కాస్త దూరంలో ఉన్న ఫారెస్టు గార్డు మస్తాన్ కేకేశాడు. "ఎవరికండీ, అలాగే అంటున్నారు?"

"ఆ ముసలామెకయ్యా. ఏదీ, ఎటు పోయింది?"

"పొద్దుట్నుంచీ మనిద్దరమేగా! ఎండదెబ్బ కొట్టినట్టుంది, కాసిని నీళ్ళు తాగండి."

వాగు ఇసుకలో మా ఇద్దరి అడుగులే ఉన్నాయి.

గమనికల గడిలో ఏదీ వదలకుండా రాయాలన్నది లెక్చరరు గారు పెట్టిన నియమమే. రాశాను: "ఆడ గొంతు. మనిషి లేదు."

ఆయన చదివి నవ్వారు. "ఇది జెర్రుల పట్టికా, దయ్యాల పట్టికా? ఒకటి కల్పించినవాడు అన్నీ కల్పిస్తాడయ్యా. ఆ ముక్క కొట్టెయ్, నీ పేరు ఉంచుతాను."

కొట్టెయ్యనన్నాను.

మూడేళ్ళు ఆయనకు ఉత్తరాలు రాశాను. ఆ గొంతెవరిదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను అబద్ధాలకోరునన్న బరువు మాత్రం లెక్చరరు గారి దగ్గర్నుంచి వచ్చిన ఒక్క ఇన్‌లాండు లెటరుతో దిగిపోయింది. అందులో ఇంతే ఉంది:

"మీ పట్టిక మొత్తం మీ పేరుతోనే చేర్చాను. పోయిన ఆదివారం అదే వాగు దగ్గర నేనూ రాయిని అవతలికి నెట్టబోయాను. యాభై దాటిన నన్ను కూడా అబ్బాయ్ అనే పిలిచిందండీ. నా పుస్తకంలో మాత్రం రాయలేకపోయాను."