లావెక్కిన అక్షరాల కేసు

మా మేనమామకు లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. అద్దం ముందు గడ్డం గీసుకునేటప్పుడు కూడా, అవతలివాడి చేతిలో బ్లేడు ఉందని ఒక కన్ను వాడిమీదే ఉంచేవాడు. ఇది నేను కళ్లారా చూశాను. నేను కాలేజీ మానేసిన మనిషినే గాని అబద్ధాలాడే మనిషిని కాను. కాస్త పెంచి చెబుతానంతే.

ఆయనది పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు. మెట్ల కింద గది, ఒక బల్ల, వచ్చినవాళ్ల ముఖాన వెలుగు పడేలా తిప్పి పెట్టిన ఒక దీపం. ఎనిమిదేళ్లపాటు ఆ కొట్టుకు కుడిభుజాన్ని నేనే. ఎడమభుజమని ఆయన అనేవాడు. డాక్టరైతే ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. మా మామయ్య, "ఇది పాడైనప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగేవాడు. ఒకాయన తెరమీద గీతలు పడ్డాయని వస్తే, విచారణ గంటన్నర సాగి, నేరం ఆయన పిల్లిమీద తేలింది. ఆయనకు పిల్లి లేదు. అయితే పక్కింటివాళ్లదై ఉంటుందని మామయ్య తీర్పు.

ఒక మధ్యాహ్నం టైపిస్టమ్మ వచ్చింది. ఇంట్లో కూర్చుని నలుగురి కాగితాలూ టైపు చేసి బతికే మనిషి. వెంట ఆవిడ అన్నయ్య. ల్యాప్‌టాప్ ఆవిడ చంకలో ఉంది, "నేను ముందే చెప్పాను" అన్న మాట ఆయన ముఖంమీద ఉంది.

సంగతేమిటంటే, నత్తలా నడుస్తున్న ఆ ముసలి యంత్రంలో సాఫ్ట్‌వేరంతా తుడిచేసి ఆవిడే మళ్లీ ఎక్కించుకుంది. ఎక్కడం ఎక్కింది. కాని అక్షరాలు గుమ్మడికాయలంత లావై, తెరమీద నాలుగు మాటలు పడితే గొప్ప అన్నట్టయింది. సరిచేద్దామని ఇంకేదో ఎక్కించగానే తెర మొత్తం నల్లబడింది. వకీలుగారి కేసు కాగితాలు నలభై పేజీలు సాయంత్రానికి అందాలి. అంతకంటే పెద్ద గండం పక్కనే నిలబడి ఉంది.

"కొనిచ్చింది నేను," అన్నాడు అన్నయ్య. "పాడుచేసింది మా చెల్లెలేనని మీరొక్క మాట చెప్పండి. ఇవాళే అమ్మిపారేసి దీనిచేత ఈ టైపింగు మాన్పించేస్తాను. ఈ వయసులో దీనికెందుకండీ ఇవన్నీ?"

టైపిస్టమ్మ వకీలుగారి కాగితాలున్న పెన్‌డ్రైవును గుప్పిట్లో బిగించి నేలకేసి చూసింది.

మామయ్య దీపం అన్నయ్య వైపు తిప్పాడు. "తమరు దీని మూత ఎలా వేస్తారు?"

"నేనా? నేను దీన్ని ముట్టుకోనండీ."

"ముట్టుకోనివాళ్లనే ముందు అడగాలి."

ఇక మొదలైంది. టీ గ్లాసు ఎక్కడ పెడతారు, ఫ్యాను వేస్తే ఇంట్లో లైట్లు తగ్గుతాయా, పని మానుకుని ఇవాళే ఎందుకు వెంట వచ్చారు. పది నిమిషాల్లో ఆ పెద్దమనిషికి తనమీద తనకే అనుమానం పుట్టింది. ఎప్పుడో ఒకసారి దానిమీద పాత పేపర్ల కట్ట పెట్టి ఉంటానేమోనని ఒప్పేసుకున్నాడు.

ఈలోగా మామయ్య నల్లటి తెరమీదికి టార్చి కొట్టి చూశాడు. లోపల బొమ్మలు లీలగా కదులుతున్నాయి. తెర చావలేదు, దీపం ఆర్పుకుని పడుకుంది. వేరే మానిటరు తగిలించగానే గుట్టు బయటపడింది. తెర ఎలా కనబడాలో చెప్పే డ్రైవరని ఒకటి ఉంటుంది. ఆ ముసలిదానికి ఈ కాలపు డ్రైవరు ఎక్కించారు. ఎక్కించిన తేదీ ఆ రోజుదే, వేళ ఉదయం తొమ్మిదింపావు. నేను చూశాను. టైపిస్టమ్మా చూసింది. అన్నయ్య మెడ చాచేలోగా మామయ్య తన వీపు అడ్డం పెట్టాడు. ఆ వీపు అడ్డం పడితే గ్రహణమే.

కంపెనీలు ఏదో ఒకనాడు పాత డ్రైవర్లన్నీ మాయం చేస్తాయన్న అనుమానంతో ఆయన ఏళ్లుగా వాటిని దాచి పెట్టుకున్నాడు. ఆ గుట్టలోంచి యంత్రం పుట్టినప్పటిది తీసి ఎక్కించాడు. తెర వెలిగింది. అక్షరాలు పథ్యం చేసినట్టు సన్నబడ్డాయి.

తీర్పు ఇలా వచ్చింది. మొదటి దోషి, పాత యంత్రాన్ని గాలికొదిలేసిన కంపెనీ. రెండో దోషి పేపర్ల కట్ట. ఈవిడ తుడిచి ఎక్కించబట్టే ఈమాత్రమైనా మిగిలింది. అన్నయ్య ఆఫీసులో పనుందని గొణిగి, చెల్లెలి ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు తట్టింది నాకు. కొట్లో చేరిన కొత్తలో నేను మూడు యంత్రాలు కాల్చాను. మూడుసార్లూ నేరం కరెంటుమీదే పడింది. లోకమంతటినీ అనుమానించిన ఈ మనిషి, బల్లకు అవతల తల దించుకున్నవాళ్లను మాత్రం ఒక్కసారీ దోషులను చేయలేదు.

టైపిస్టమ్మ కదలలేదు. "నిజం చెప్పండి. తప్పు నాదే కదూ?"

మామయ్య వీధిలోకి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీదే. మళ్లీ చేస్తారని కూడా నాకు అనుమానం. అందుకే కూర్చోండి, ఎలా సరిచేసుకోవాలో చూపిస్తాను."

వకీలుగారి నలభై పేజీలు ఆ సాయంత్రం మా బల్లమీదే పూర్తయ్యాయి. ఒక్క పది నిమిషాలు ఆలస్యమైంది. మామయ్య మధ్యమధ్య వంగి చదివి, ఆ కేసులో అసలు దోషి వేరే ఉన్నాడని వాదిస్తూ కూర్చున్నాడు మరి.